మహిళలు ముష్టియుద్ధ బరిలో దిగవచ్చునా? చరిత్ర, నియమాలు, తల్లిదండ్రుల సందేహాలు

పిడికిలిని ఆయుధంగా చేసుకొని, నియమాలకు లోబడి ఇద్దరు తలపడే క్రీడ ముష్టియుద్ధం. నేడు బాక్సింగ్ అన్న పేరుతోనే ఇది పల్లెల్లో సైతం అందరికీ తెలుసు. పురుషులకు ఈ క్రీడ తగునా అని ప్రశ్నించేవారు తక్కువ. స్త్రీలకు తగునా అన్న ప్రశ్న మాత్రం నూరేళ్లకు పైగా ప్రపంచమంతటా నలుగుతూనే ఉంది. హిందూపురం, మడకశిర, కుప్పం, పలమనేరు, పావగడ, బాగేపల్లి ప్రాంతాల నుంచి చదువుకో, ఉద్యోగానికో బెంగళూరు చేరిన ఆడపిల్ల ఒకనాడు ఇంటికి ఫోన్ చేసి, బాక్సింగ్ నేర్చుకుంటాను, పోటీలకు వెళతాను అని అడిగితే ఆ ఇంట ఏమని బదులు చెప్పాలి? ఈ ప్రశ్నకు సంబంధించిన చరిత్ర, చట్టం, వైద్యం, నేటి నియమాలు ఈ వ్యాసంలో సంగ్రహంగా చూడవచ్చు.

గరడీ నుంచి బాక్సింగ్ బరి వరకు

పిడికిలి పోరు ఈ ప్రాంతానికి కొత్త కాదు. మైసూరు దసరా ఉత్సవాలలో విజయదశమినాడు రాజప్రాసాదం ఆవరణలో జరిగే వజ్రముష్టి కాళగ ప్రసిద్ధమైనది. తలలు నున్నగా గొరిగించుకున్న జెట్టీలు పిడికిట ముళ్ల ఆయుధాన్ని ధరించి తలపడతారు. ప్రత్యర్థి తలపై తొలి రక్తబిందువు కనిపించగానే పోరు ముగుస్తుంది. కన్నడ సీమలోని గరడి మనెలు, తెలుగునాట తాలింఖానాలు ఇటువంటి విద్యలకు నిలయాలు. ఈ సంప్రదాయం అనాదిగా పురుషులది. అయితే అదే మైసూరు దసరా కుస్తీ పోటీలలో ఇటీవలి కాలంలో మహిళలు సైతం పాల్గొంటున్నారు. కాలానుగుణంగా సంప్రదాయం తన తలుపును కొంత తెరచిందనడానికి ఇది చాలు.

ఆధునిక బాక్సింగ్ ఇంగ్లండులో రూపు దిద్దుకొని బ్రిటిష్ సైన్యంతో పాటు భారతదేశానికి వచ్చింది. దండు స్థావరంగా పెరిగిన బెంగళూరు వంటి నగరాలలో సైనిక దళాలే ఈ క్రీడకు తొలి పోషకులు. సైన్యంలో స్త్రీలకు చోటు లేని కాలం కావడం వల్ల బాక్సింగ్‌లోనూ వారికి చోటు లేకపోయింది. ఈ విషయంలో నేటి బెంగళూరు వేరు. సైనిక పోలీసు దళంలో సిపాయి స్థాయికి ఎంపికైన తొలి మహిళా బృందం ఈ నగరంలోని శిక్షణ కేంద్రంలోనే తర్ఫీదు పొంది, 2021 మే 8న 83 మందితో కవాతు చేసి బయటికి వచ్చింది.

నిషేధాలు ఎలా తొలగాయి?

20వ శతాబ్దంలో అధిక భాగం పలు దేశాల క్రీడా సంఘాలు మహిళల బాక్సింగ్‌ను అనుమతించలేదు. స్వీడన్ 1988లో తలుపు తెరచింది. అమెరికాలో 16 ఏళ్ల బాలిక డల్లాస్ మలాయ్ న్యాయస్థానాన్ని ఆశ్రయించడంతో అక్కడి అమెచ్యూర్ బాక్సింగ్ సంఘం 1993లో నిషేధాన్ని విడిచిపెట్టింది. అంతర్జాతీయ సమాఖ్య కూడా దాదాపు అదే సమయంలో మహిళల పోటీలకు సమ్మతించింది.

ఇంగ్లండులో జరిగిన జేన్ కౌచ్ వ్యాజ్యం ఈ చరిత్రలో ముఖ్యమైనది. ఆమె ప్రొఫెషనల్ బాక్సర్‌గా లైసెన్సు కోరగా అక్కడి నియంత్రణ మండలి నిరాకరించింది. నెలసరికి ముందు స్త్రీల మానసిక స్థితి నిలకడగా ఉండదని, అందువల్ల వారు బాక్సింగ్‌కు పనికిరారని మండలి వాదించింది. 1998లో ట్రిబ్యునల్ ఈ వాదనను తోసిపుచ్చి, ఇది లింగ వివక్షేనని తీర్పు చెప్పింది. అదే సంవత్సరం ఆమె లైసెన్సుతో బరిలో దిగారు.

క్యూబా ఉదాహరణ మరింత విచిత్రమైనది. పురుషుల బాక్సింగ్‌లో ఒలింపిక్ స్వర్ణాలను రాశిపోసిన ఆ దేశం, మహిళలను మాత్రం 2022 డిసెంబరు వరకు పోటీలకు అనుమతించలేదు. ఒక దేశానికి ఈ క్రీడలో ఎంత ప్రావీణ్యం ఉన్నా, స్త్రీల విషయంలో అభిప్రాయం మారడానికి ఎంత కాలం పట్టగలదో దీనివల్ల తెలుస్తుంది.

తొలి మహిళల ప్రపంచ పోటీలు 2001లో అమెరికాలోని స్క్రాంటన్ నగరంలో జరిగాయి. 2009 ఆగస్టులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మహిళల బాక్సింగ్‌ను ఆమోదించింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పురుషులకు 10 బరువు విభాగాలుండగా మహిళలకు మూడే కేటాయించారు. బ్రిటన్‌కు చెందిన నికోలా ఆడమ్స్ మహిళలలో తొలి ఒలింపిక్ స్వర్ణం గెలుచుకున్నారు. 2021లో జరిగిన టోక్యో క్రీడల నాటికి మహిళల విభాగాలు ఐదుకు, 2024 పారిస్ నాటికి ఆరుకు పెరిగాయి. 2028 లాస్ ఏంజెలెస్ క్రీడలకు పురుషులకు ఏడు, మహిళలకు ఏడు విభాగాలు నిర్ణయించారు. అనగా పోటీ విభాగాల లెక్కలో స్త్రీ పురుషులు సమానం కావడానికి తొలి ఒలింపిక్ ప్రవేశం నుంచి 16 ఏళ్లు పట్టింది.

భారతదేశంలో

భారతదేశంలో మహిళల బాక్సింగ్‌ను అడ్డగించినది చట్టం కాదు. అడ్డగించినవి ఇల్లు, ఊరు, క్రీడా సంఘాల ఉదాసీనత. మణిపూర్‌కు చెందిన డింకో సింగ్ 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలవడం ఆ రాష్ట్రపు బాలబాలికలను ఉత్తేజపరిచింది. వారిలో మేరీ కోమ్ ఒకరు. కూతురు బాక్సింగ్ చేస్తున్నదని ఆమె తండ్రికి చాలాకాలం తెలియదు. రాష్ట్ర పోటీలో గెలిచిన తరువాత పత్రికలో వచ్చిన ఛాయాచిత్రం చూసి తెలుసుకున్నారు. ముఖానికి దెబ్బ తగిలితే పెళ్లి కాదని ఆయన భయపడ్డారు. సరిహద్దు పల్లెల తండ్రుల భయం కూడా ఇంతకు భిన్నం కాదు.

మేరీ కోమ్ 2001లో స్క్రాంటన్‌లో రజతం సాధించారు. ఆపై 2002, 2005, 2006, 2008, 2010, 2018 సంవత్సరాలలో ఆరు ప్రపంచ స్వర్ణాలు గెలిచారు. వీటిలో 2008 నాటి స్వర్ణం కవలలకు తల్లి అయిన తరువాత, 2018 నాటిది మూడవ బిడ్డ కూడా పుట్టిన తరువాత లభించినవి. 2012 లండన్‌లో తన సహజమైన బరువుకు విభాగం లేకపోవడంతో 51 కిలోల విభాగానికి మారి కాంస్యం సాధించారు. 2006లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీలలో మేరీ కోమ్, సరితా దేవి, కేరళకు చెందిన జెన్నీ, లేఖ స్వర్ణాలు గెలిచారు. ఈ నలుగురి పేర్లలో నేటికీ జనానికి తెలిసినవి ఒకటి రెండే. టోక్యోలో అస్సాంకు చెందిన లవ్లీనా బోర్గోహైన్ కాంస్యం సాధించారు. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో జైస్మీన్ లంబోరియా, మీనాక్షి హుడా స్వర్ణాలతో తిరిగి వచ్చారు.

తెలుగు క్రీడాకారిణులు

తెలుగునాట మహిళల బాక్సింగ్‌కు తొలి చిరునామా విశాఖపట్నం. ఆ నగరానికి చెందిన ఎన్. ఉష 2008లో చైనాలోని నింగ్బోలో జరిగిన ప్రపంచ పోటీలలో 57 కిలోల విభాగంలో రజతం సాధించారు. 2020లో ఆమెకు ధ్యాన్‌చంద్ పురస్కారం లభించింది. విశాఖలోనే శిక్షకుడు ఐ. వెంకటేశ్వరరావు పలువురు క్రీడాకారులను తీర్చిదిద్ది ద్రోణాచార్య పురస్కారం పొందారు.

ఆయన వద్ద శిక్షణ పొందిన వారిలో నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ ప్రముఖురాలు. 1996లో జన్మించిన ఆమె మొదట పరుగు పందేలలో సాధన చేసేవారు. తమ ఊరి మైదానంలో బాక్సింగ్ బరిలో ఆడపిల్లలు ఎందుకు కనిపించరని తండ్రిని ప్రశ్నించి, ఆ ప్రశ్నకు తానే జవాబుగా నిలిచారు. పొట్టి దుస్తులు ధరిస్తున్నదని, ఆడపిల్లకు ఇదేమి ఆట అని బంధువులు, ఇరుగుపొరుగువారు ఆక్షేపించినా తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ ఆమె పక్షాన నిలిచారు. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ స్వర్ణం, 2017లో భుజానికి గాయం, తిరిగి సాధన, 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల ప్రపంచ స్వర్ణం, అదే ఏడు కామన్‌వెల్త్ స్వర్ణం, 2023లో న్యూఢిల్లీలో 50 కిలోల ప్రపంచ స్వర్ణం ఆమె ప్రస్థానంలోని మైలురాళ్లు. పారిస్ ఒలింపిక్స్‌లో పతకం దక్కలేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం ఆమెను డి.ఎస్.పి.గా నియమించింది.

ఈ సందర్భంలో కరణం మల్లీశ్వరిని స్మరించడం సముచితం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లోనే మహిళల బరువులెత్తే పోటీలు తొలిసారి చేరాయి. ఆ తొలి అవకాశంలోనే శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో సాధన మొదలుపెట్టిన మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆడవారు బరువులెత్తితే గర్భసంచి జారుతుందని ఊళ్లలో చెప్పుకొనేవారు. నీళ్ల బిందెలు, కట్టెల మోపులు, సిమెంటు తట్టలు మోసే ఆడవారి విషయంలో ఆ సందేహం ఎవరికీ రాకపోవడం విడ్డూరం.

బెంగళూరులో పరిస్థితి

బెంగళూరు మహిళా క్రీడాకారులకు కొత్త ఊరు కాదు. జ్ఞానభారతి ప్రాంగణంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో జాతీయ జట్లు ఏళ్లుగా సాధన చేస్తున్నాయి. 2022 ఏప్రిల్ 24 నుంచి మే 3 వరకు ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు ఈ నగరంలో జరిగినప్పుడు బాక్సింగ్ కూడా వాటిలో ఉండినది. సరిహద్దుకు మరింత చేరువలో, బళ్లారి జిల్లా తోరణగల్లు వద్ద 2018లో ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ ప్రారంభమైంది. అక్కడ బాలబాలికలకు వసతితో కూడిన బాక్సింగ్ శిక్షణ ఇస్తారు.

నగరపు వీధులలో కనిపించే వ్యాయామశాలల సంగతి వేరు. శరీర దారుఢ్యం కోసం సంచిని గుద్దే అభ్యాసం ఒకటి. నియమబద్ధమైన అమెచ్యూర్ బాక్సింగ్ మరొకటి. కాళ్లతో కూడా తన్నే కిక్ బాక్సింగ్, కె-1, పట్లు కలగలిసిన మిశ్రమ పోరాటాలు ఇంకొకటి. వీటి నియమాలు వేరు, సంఘాలు వేరు, గాయాల తీరు వేరు. ప్రకటన పలకపై బాక్సింగ్ అన్న మాట ఉన్నంత మాత్రాన అది జాతీయ బాక్సింగ్ సమాఖ్యకు అనుబంధమైనది అనుకోరాదు.

ఈ తేడా ఎంత ముఖ్యమో 2022 జూలైలో బెంగళూరులో జరిగిన దుర్ఘటన తెలియజేసింది. రాష్ట్రస్థాయి కె-1 కిక్ బాక్సింగ్ పోటీలో ముఖంపై దెబ్బ తగిలి పడిపోయిన మైసూరు యువకుడు ఆసుపత్రిలో మరణించాడు. వయస్సు 23. పోటీ స్థలంలో తగిన వైద్య ఏర్పాట్లు లేవని కుటుంబం ఆరోపించగా పోలీసులు నిర్వాహకులపై కేసు నమోదు చేశారు. మరణించినవాడు పురుషుడు. కాబట్టి బరి పక్కన వైద్యుడు, అంబులెన్సు ఉన్నాయా అన్నది ఆడ, మగ ప్రశ్నకు ముందుగా అడగవలసిన ప్రశ్న.

అభ్యంతరాలు, వాటి బరువు

మొదటి అభ్యంతరం తలకు తగిలే దెబ్బ. ఇది కొట్టిపారేయదగినది కాదు. పుర్రెలోని ద్రవంలో తేలియాడే మెదడు, తల ఒక్కసారిగా తిరిగినప్పుడు కుదుపునకు లోనవుతుంది. స్పృహ తప్పకపోయినా తలనొప్పి, వాంతి, మగత, తడబాటు, వెలుతురు చూడలేకపోవడం వంటి లక్షణాలు కలగవచ్చు. ఆ కుదుపు మానక ముందే రెండవ దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు. ఏళ్ల తరబడి తగిలే దెబ్బలు జ్ఞాపకశక్తిని, నడతను దెబ్బతీయగలవు. సాకర్ వంటి ఇతర క్రీడలపై జరిగిన పరిశోధనలలో, ఒకే ఆటలో స్త్రీలకు మెదడు కుదుపులు కొంత ఎక్కువగా నమోదవుతున్నట్లు, కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతున్నట్లు కనిపించింది. మెడ కండరాల బలంలో తేడా ఇందుకు ఒక కారణం కావచ్చునని వైద్యుల భావన.

ఈ వాదనకు మరొక పార్శ్వం కలదు. ప్రపంచ వైద్య సంఘం 1983లోనే బాక్సింగ్‌ను నిషేధించాలని కోరింది. బ్రిటిష్ వైద్య సంఘం కూడా 1980ల నుంచి అదే మాట చెబుతూ వచ్చింది. వారు కోరినది స్త్రీలకు నిషేధం కాదు, క్రీడకే నిషేధం. మెదడు ఆడపిల్లకు ఎంత విలువైనదో మగపిల్లవాడికీ అంతే విలువైనది. దెబ్బ భయంతో కూతురిని ఆపి కొడుకును పంపే ఇంట ఆ నిర్ణయానికి అసలు కారణం దెబ్బ కాదు.

రెండవ అభ్యంతరం మాతృత్వం. బాక్సింగ్ వల్ల సంతానం కలగదన్న మాటకు ఆధారం లేదు. గర్భాశయం కటి ఎముకల మధ్య భద్రంగా ఉంటుంది. నడుము కింద కొట్టడం నియమవిరుద్ధం. రొమ్ములకు రక్షణ కవచం ధరించే వీలుంది. గర్భవతులు బరిలో దిగరాదు. అందుకే పోటీకి ముందు తాము గర్భవతులం కామని క్రీడాకారిణులు లిఖితపూర్వకంగా తెలపాలి. ఇక నిజంగా గమనించవలసిన ప్రమాదం ఒకటుంది. బరువు విభాగంలో ఇమడడానికి తిండి, నీళ్లు మానివేయడం వల్ల నెలసరి తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ఏ ఆటకైనా పంపే ముందు ఆడపిల్లకు రక్తపరీక్ష చేయించడం, రాగిముద్ద, గుడ్డు, పప్పు, ఆకుకూరలతో కడుపునిండా పెట్టడం మొదటి పని.

మూడవది దుస్తులు, మర్యాద. 2011లో అంతర్జాతీయ సమాఖ్య మహిళా బాక్సర్లు లంగాల వంటి దుస్తులు ధరించాలని ప్రతిపాదించింది. విమర్శలు చెలరేగడంతో 2012లో దానిని ఐచ్ఛికం చేసింది. 2019లో హిజాబ్, శరీరాన్ని పూర్తిగా కప్పే దుస్తులను అనుమతించింది. దుస్తుల పేరిట ఒక బాలిక ఈ క్రీడకు దూరం కావలసిన అవసరం ఇప్పుడు లేదు.

నాలుగవది పెళ్లి. ఈ భయానికి వైద్యుడు గాని న్యాయమూర్తి గాని జవాబు చెప్పలేరు. ముక్కు వంకర కావచ్చు, కనుబొమ్మ చిట్లవచ్చు. సంబంధం వెతికే వేళ ఊరిలో నాలుగు మాటలు వినబడవచ్చు. అయితే మేరీ కోమ్ తండ్రి పడిన భయం నిజం కాలేదు. ఆమె పెళ్లి చేసుకొని, తల్లి అయి, ఆ తరువాత కూడా ప్రపంచ విజేత అయ్యారు. అందరికీ అలా జరుగుతుందన్న హామీ లేదు. పతకం రాని వేలమందికి మిగిలేది దారుఢ్యం, క్రమశిక్షణ, రాత్రివేళ బస్టాండులో ఒంటరిగా నిలబడగల ధైర్యం. ఆ లాభాన్ని, ఈ నష్టభయాన్ని తూచవలసినది ఆ ఇంటివారే. ఆ తూకంలో అమ్మాయి మాటకూ చోటుండాలి.

చట్టం ఏమంటుంది?

భారత రాజ్యాంగం 14వ అధికరణం చట్టం ముందు సమానత్వాన్ని, 15వ అధికరణం లింగ భేదం లేని వ్యవహారాన్ని ఆదేశిస్తున్నాయి. స్త్రీల మేలు కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి కూడా 15వ అధికరణం అవకాశమిస్తుంది. అయితే మేలు పేరిట నిషేధం విధించవచ్చునా? 2007లో అనుజ్ గార్గ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దీనిని పరిశీలించింది. మద్యం సేవించే ప్రదేశాలలో స్త్రీలు ఉద్యోగం చేయరాదన్న 1914 నాటి పంజాబ్ ఎక్సైజు చట్టపు నిబంధనను కోర్టు కొట్టివేసింది. స్త్రీకి ప్రమాదమున్నదని ఆమె ఉపాధిని తొలగించడం కంటే, ఆమె భద్రంగా పనిచేయగల పరిస్థితులు కల్పించడం రాజ్యం బాధ్యత అన్నది ఆ తీర్పు సారాంశం. ఇది బాక్సింగ్‌పై వచ్చిన తీర్పు కాదు. అందులోని తర్కం మాత్రం బరికి కూడా వర్తించదగినదే.

మహిళల విభాగంలో ఎవరు?

పారిస్ ఒలింపిక్స్ తరువాత మరొక వివాదం ఇళ్లలో సైతం చర్చకు వచ్చింది. 2023లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీలలో అల్జీరియాకు చెందిన ఇమానె ఖెలీఫ్‌ను, తైవాన్‌కు చెందిన లిన్ యు-టింగ్‌ను నాటి అంతర్జాతీయ సంఘం అర్హత లేదని తొలగించింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆ ప్రక్రియను అంగీకరించలేదు. ఇద్దరూ పారిస్‌లో పాల్గొని స్వర్ణాలు గెలిచారు. ఆ తరువాత ఈ క్రీడ బాధ్యతను చేపట్టిన వరల్డ్ బాక్సింగ్ సంస్థ, 18 ఏళ్లు నిండిన క్రీడాకారులకు జన్యు పరీక్షను 2025లో తప్పనిసరి చేసింది. పిడికిలి దెబ్బతో ముడిపడిన క్రీడ గనుక ప్రత్యర్థుల మధ్య శారీరక సమతూకం ఉండాలన్నది ఈ నియమాన్ని సమర్థించేవారి వాదన. పుట్టుకతో ఆడపిల్లగా పెరిగిన వ్యక్తి దేహాన్ని లోకం ముందు విచారణకు పెట్టడం అమానుషమన్నది వ్యతిరేకుల వాదన. ఈ చర్చ ముగియలేదు. అయితే ఇది మహిళల విభాగంలో ఎవరు ఉండాలన్న చర్చ మాత్రమే. మహిళల విభాగం ఉండాలా అన్న చర్చ ఒలింపిక్ వేదికపై 2009లోనే ముగిసింది.

నేటి పోటీ నియమాలు

అమెచ్యూర్ పోటీలో వయస్సు, బరువు దగ్గరగా ఉన్నవారినే జత చేస్తారు. పోటీకి ముందు వైద్య పరీక్ష, బరువు తూకం ఉంటాయి. 2012 ఒలింపిక్స్‌లో మహిళలకు రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లు ఉండేవి. ఇప్పుడు వయోజన మహిళలకు కూడా పురుషుల వలె మూడేసి నిమిషాల మూడు రౌండ్లు. 2016 ఒలింపిక్స్ నుంచి పురుషులు శిరస్త్రాణం లేకుండా పోరాడుతుండగా, మహిళలు 2024 పారిస్‌లోనూ శిరస్త్రాణంతోనే దిగారు. శిరస్త్రాణం చర్మం చిట్లడాన్ని తగ్గిస్తుంది. మెదడు కుదుపును పూర్తిగా ఆపజాలదు. దంత కవచం తప్పనిసరి. ఐదుగురు న్యాయనిర్ణేతలు పాయింట్లు ఇస్తారు. ఒకరు తట్టుకోలేకపోతున్నారని తోచినప్పుడు పోటీని ఆపే అధికారం రిఫరీకి ఉంది. తలకు దెబ్బతో ఓడినవారు కనీసం 30 రోజులు సాధనలో సైతం తలపడరాదు. దెబ్బ తీవ్రతను బట్టి ఈ విరామం పెరుగుతుంది.

తల్లిదండ్రులు గమనించవలసినవి

1. శిక్షణ కేంద్రం జిల్లా, రాష్ట్ర బాక్సింగ్ సంఘాలకు అనుబంధమైనదా, శిక్షకునికి గుర్తింపు పొందిన అర్హత ఉన్నదా అని ముందుగా విచారించాలి. ఆంధ్రలో ఊరు, కర్ణాటకలో చదువు ఉన్న అమ్మాయి ఏ రాష్ట్రం తరఫున ఆడగలదో రెండు సంఘాలనూ అడిగి తెలుసుకోవాలి. జనన ధ్రువపత్రంలోను, ఆధార్‌లోను పేరు, పుట్టిన తేదీ ఒకే విధంగా ఉండేటట్లు చూసుకోవాలి.

2. మొదటి నెలలలోనే ఎదురెదురుగా తలపడనిచ్చే కేంద్రం మంచిది కాదు. అడుగులు వేయడం, తప్పించుకోవడం, చేతులతో కాచుకోవడం కుదిరిన తరువాతనే తలపడనివ్వాలి.

3. పోటీ స్థలంలో వైద్యుడు, అంబులెన్సు ఉన్నాయా, బీమా ఉన్నదా అని అడగడానికి మొహమాటపడరాదు. లేవంటే ఆ రోజు పోటీ మానుకోవడమే విజ్ఞత.

4. తలకు దెబ్బ తగిలిన రోజున తిరిగి బరిలో దిగరాదు. తలనొప్పి పెరిగినా, వాంతులైనా, మాట తడబడినా, లేపినా లేవలేని నిద్ర పట్టినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. బెంగళూరులో తల గాయాలకు నిమ్హాన్స్ ప్రసిద్ధమైన ప్రభుత్వ వైద్యసంస్థ.

5. శిక్షకుని ప్రవర్తనపై కన్ను వేసి ఉంచాలి. తలుపులు మూసిన గదిలో ఒంటరి శిక్షణ, వేళకాని వేళ ఫోన్లు అనుమానించవలసిన విషయాలు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం క్రీడా శిక్షణ కేంద్రాలకు, స్టేడియాలకు కూడా వర్తిస్తుంది. 18 ఏళ్లలోపు పిల్లలకు 2012 నాటి పోక్సో చట్టం రక్షణగా ఉంది. పిల్లలకు 1098, మహిళలకు 181 సహాయ నంబర్లు.

6. చదువు మాన్పించరాదు. పతకాలు కొందరికే దక్కుతాయి. క్రీడా కోటా ఉద్యోగాలకైనా విద్యార్హత తప్పదు.

ముగింపు

మహిళలు బాక్సింగ్‌లో పోటీ చేయవచ్చునా అన్న ప్రశ్నకు చట్టం, ఒలింపిక్ వేదిక, నిజామాబాద్, విశాఖ క్రీడాకారిణులు ఇప్పటికే సమాధానమిచ్చారు. మిగిలి ఉన్నది ఏ పరిస్థితులలో అన్న ప్రశ్న. అర్హుడైన శిక్షకుడు, బరి పక్కన వైద్యుడు, కడుపునిండా తిండి, భయం లేకుండా ఫిర్యాదు చేయగల వాతావరణం లేని చోట ఈ క్రీడకు కూతురినే కాదు, కొడుకును సైతం పంపరాదు. అవి ఉన్న చోట, ఆట కోరుకున్న బిడ్డ ఆడపిల్ల అయినందుకు మాత్రమే కాదనడం న్యాయం కాదు.